ఐదు రోజుల తర్వాత పీకుదామన్న పన్ను

పళ్ల డాక్టరు కుర్చీలో కూర్చున్న మనిషి ముందు అబద్ధం చెప్తాడు, ఆ తర్వాతే నోరు తెరుస్తాడు. సర్కారు దవాఖానల్లో ఇరవై తొమ్మిదేళ్లు పళ్లు పీకిన నాకు ఈ అభిప్రాయం ఇప్పటికీ పూర్తిగా పోలేదు. పొద్దున తిన్నారా అంటే తిన్నామంటారు, కడుపు ఖాళీగా ఉంటుంది. బీపీ గోళీలు వాడుతున్నారా అంటే లేదంటారు, జేబులోంచి గోళీల అట్ట తొంగిచూస్తుంటుంది. ఎప్పటి నుంచి నొప్పి అంటే నిన్నటి నుంచే అంటారు. ఆ పన్ను చూస్తే పోయిన ఏడాదే చచ్చిపోయి ఉంటుంది.

ఈ అనుమానం నాకు పుట్టుకతో వచ్చింది కాదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో, పాలమూరు వైపు పనిచేస్తున్నప్పుడు, ఒక పెద్దాయన ఏ మందులూ వాడనని దేవుడి మీద ప్రమాణం చేసి మరీ చెప్పాడు. పన్ను పీకాను. రక్తం ఆగలేదు. మధ్యాహ్నం నుంచి పొద్దుగూకే దాకా ఆయన దవడలో దూది నొక్కి పట్టుకుని నిలబడ్డాను. చివరికి ఆయన కొడుకు వచ్చి, నాయినకు గుండె ఆపరేషన్ అయింది, రక్తం పలచబడే గోళీలు రోజూ మింగుతాడు అని చల్లగా చెప్పాడు. ఆ రోజు నుంచి నేను ఎవరి మాటా నమ్మడం మానేశాను. మా పళ్ల విభాగంలో నాతో పదేళ్లు పనిచేసిన సిస్టర్ "మా మేడం ఎక్స్‌రేను కూడా రెండోసారి అడుగుతది, నిజమేనా అని" అంటూ అందరి ముందూ నవ్వేది. నేనూ నవ్వేదాన్ని. నిజం చెప్పాలంటే నాకు అది పొగడ్తలా వినిపించేది.

కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలు నన్ను కలిసినప్పుడు, మీరు చేసిన కష్టమైన కేసు ఏదన్నా చెప్పండి మేడం అని అడుగుతుంటారు. ఒకటి చెప్తాను. నేను గొప్పగా చేశానని చాలా రోజులు అనుకున్న కేసు ఇది.

తెలంగాణ వచ్చిన మూడు నాలుగేళ్ల తర్వాత సంగతి. మా నల్గొండ జిల్లాలోనే ఒక దవాఖానలో ఉన్నాను, ఊరు పేరు ఎందుకులెండి. ఎండలు ముదురుతున్న రోజులు. ఒక సోమవారం, ఓపీలో జనం వరండా దాకా నిండి ఉన్నారు. కేతేపల్లి దగ్గరి పల్లె నుంచి ఒకాయన భార్యతో వచ్చాడు. యాభై దాటి ఉంటాయి. అంత ఎండలోనూ భుజాన గొంగడి, చేతిలో కర్ర. గొర్రెల కాపరి అని ఎవరూ చెప్పనక్కర్లేదు. ఎడమ బుగ్గ కొంచెం వాచి ఉంది.

కర్రను మా తలుపుకు ఆనించి, వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. నేను ఏదీ అడగకముందే చెప్పాడు.

"అమ్మా, ఇయ్యాలనే పీకు. బేస్తారం నాడు మంద పోతాంది."

కాలువ కింది ఊళ్లలో యాసంగి కోతలు అయిపోయాయి. ఇక్కడ గడ్డి ఎండిపోయింది. గురువారం పొద్దున మందను తోలుకుని ఆ పొలాల్లోకి పోతే మళ్లీ వానలు పడ్డాకే తిరిగి రావడం. ఆ మూడు నాలుగు నెలలూ పొలాల్లోనే పడక, దవాఖాన ఎక్కడో, తను ఎక్కడో. ఇదంతా ఆయన భార్య చెప్పింది. ఆమె మాట్లాడుతున్నంతసేపూ ఆయన దవడ పట్టుకుని నా పట్టకార్ల వైపే చూస్తున్నాడు.

"పన్ను ఎట్ల విరిగింది?" అని అడిగాను.

"గొర్ల మందు సీసా మూత రాకుంటె పంటితోని గుంజిన. ఫట్‌మన్నది."

ఈ మాట గుర్తు పెట్టుకోండి. నేను పెట్టుకోలేదు.

నోరు తెరవమన్నాను. కింది దవడలో వెనక నుంచి రెండో పన్ను సగానికి విరిగి, లోపల నల్లగా ఉంది. మా జిల్లా ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగిన పళ్లే, అన్నీ గారపట్టి ఉన్నాయి. అవి పట్టకారు వేస్తే సుద్దముక్కల్లా విరుగుతాయి, కాబట్టి తేలికైన పని కాదు. అయినా అందులో కొత్తేమీ లేదు. నన్ను ఆపింది వేరే. ఆయన నోరు తెరవగానే గుప్పున సారా వాసన వచ్చింది.

"పొద్దుగాల పొద్దుగాలనే ఏసుకొచ్చినవా?" అన్నాను.

"తాగలేదమ్మా. నొప్పికి ఆగలేక పంటికి పెట్టిన. దూదిల ముంచి పెట్టుకున్న."

"నేనే పెట్టిన మేడం, నేనే" అన్నది భార్య.

ఇలాంటివి నేను ఎన్ని విన్నాను! భార్య ముందుకొచ్చి సాక్ష్యం చెప్పిందంటే నా లెక్కలో అది ఇంకా గట్టి అనుమానం. తాగినవాడిని వెనకేసుకు రావడం మన ఆడవాళ్లకు అలవాటే కదా అనుకున్నాను.

అప్పుడు సిస్టర్ నా చెవి దగ్గరికి వచ్చి నెమ్మదిగా అన్నది. "మేడం, జర మత్తు ఇచ్చి చీము తీసేసి పన్ను గూడ పీకేద్దామా? మళ్ల వస్తడో రాడో. మంద పోతున్నదంటున్నడు."

ఆమె చెప్పింది సరైన మాట. మేము చదువుకున్న రోజుల్లో వాపు ఉంటే పన్ను ముట్టుకోకూడదు, మందులిచ్చి వాపు తగ్గాకే పీకాలి అని నేర్పారు. ఆ పద్ధతి ఎప్పుడో మారింది. కారణమైన పన్ను లోపల ఉన్నంతసేపూ మందులు పైపైనే పనిచేస్తాయనీ, వీలైనంత తొందరగా చీముకు దారి చూపించి పన్ను తీసేయడమే మంచిదనీ నాకు తెలుసు. తెలిసి కూడా, ఆ వాసన తగిలాక నా పాత పాఠమే నాకు తీపిగా అనిపించింది. తాగినవాడితో ఎవరు తంటాలు పడతారు, సూది వేస్తే ఏమవుతుందో, రేపు ఏం గొడవ చేస్తాడో అనుకున్నాను. వరండాలో ఇంకా నలభై మంది ఉన్నారు.

"వాపు ఉన్నది. ఐదు రోజులు గోళీలు మింగి రా, అప్పుడు పీకుదాం" అన్నాను.

"ఐదు రోజులకు నేను ఏడుంటనో!"

"మందను ఎవలకన్న అప్పజెప్పు."

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. గొర్రెను కొనేటప్పుడు నోరు తెరిచి పళ్లు లెక్కపెట్టే చూపు అది. పళ్లను బట్టి దాని వయసు చెప్పేస్తారు వాళ్లు, అమ్మేవాడి మాట వినరు. అలా చూసి అడిగాడు.

"బయట నీకు దుకాణం ఉన్నదా అమ్మా? గక్కడికి రమ్మంటవా?"

నాకు ఒళ్లు మండింది. నాకు సొంత క్లినిక్ లేదు, ఎప్పుడూ పెట్టలేదు. అది నాకు గర్వం. ఇక ఒక్క మాట కూడా వినదలచుకోలేదు. ఓపీ చీటీ మీద మందులు రాశాను, ఐదు రోజుల తర్వాత రావాలని రాశాను. పైన, కాస్త పెద్ద అక్షరాలతో, తాగి వచ్చాడు అని ఇంగ్లిషులో రాశాను. రేపు ఏదన్నా అయితే నా మీదికి రాకుండా ఉండాలని రాసింది అది. చేయాల్సిన ఒక పని మాత్రం చేయలేదు. ఆ వయసు మనిషి, వాపుతో వస్తే, వేలి మీద చిన్న సూది గుచ్చి షుగర్ చూడాలి. రెండు నిమిషాల పని. చూడలేదు.

బుధవారం పొద్దున వాళ్లిద్దరూ మళ్లీ వచ్చారు. ఐదు రోజులకు రమ్మంటే రెండో రోజుకే వచ్చారేమిటని చూస్తే, బుగ్గ మీద వాపు లేదు. ముఖం తేటగా ఉంది. పన్ను పీకించుకోవడానికి రాలేదట.

"నొప్పి పోయిందమ్మా. ఇంక పీకుడు వద్దు. రేపు పొద్దుగాల పోతున్నం. గవ్వే గోళీలు ఇంకిన్ని ఇయ్యి."

నొప్పి లేని మనిషికి గోళీలెందుకు? నా బుర్రలో గంట మోగింది.

"మొన్న ఇచ్చినవి ఏమైనయ్?"

"మింగిన."

"ఐదు రోజులవి రెండు రోజుల్లనే?"

ఆయన భార్య వైపు చూశాడు. ఆమె నేల చూపులు చూసింది. ఖాళీ అట్ట తెచ్చి బల్ల మీద పెట్టారు. పదిహేను గోళీలూ లేవు. అమ్ముకున్నారా అనుకున్నాను ముందు. సర్కారు గోళీలు ఎవరు కొంటారు? ఇంకెవరికన్నా ఇచ్చారా? ఏదో దాస్తున్నారన్నది ఖాయం, ఏమిటో అంతు చిక్కలేదు. ఈ అనుమానంలో ఉండగానే నాకు ఇంకోటి వినిపించింది. వినిపించింది అనే అంటాను, ఎందుకంటే ముందు పట్టింది నా చెవే. ఆయన గొంతు సోమవారం నాటి గొంతు కాదు. వేడి వేడి ముద్ద నోట్లో పెట్టుకుని మాట్లాడుతున్నట్టు ఉంది.

"నోరు తెరువు."

"ఎందుకు? నొప్పి లేదంటున్న గదా."

"తెరువు, చూస్త."

తెరిచాడు. రెండు వేళ్లు కూడా సరిగా పట్టలేదు. అద్దం పెట్టి చూస్తే నాలుక పైకి లేచి ఉంది. నాలుక కింద మెత్తగా ఉండాల్సిన చోటు గట్టిగా ఉంది. ఉమ్మి మింగడానికి కష్టపడుతున్నాడు, మధ్యమధ్యలో తువ్వాలుతో తుడుచుకుంటున్నాడు. చీము బయటి దారి వదిలేసి లోపలికి, నాలుక కిందికీ మెడ వైపుకూ దిగుతోంది. అది ఊపిరి దారిని మూసేస్తుంది. ఒక్కోసారి ఒక్క రోజులో మూసేస్తుంది.

"పన్ను ఇప్పుడే తియ్యాలె" అన్నాను.

ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"ఏంది నీ కథ? నొప్పితోని సస్తున్న పీకుమంటె ఐదు రోజులన్నవ్. ఇయ్యాల నొప్పే లేదు, మంచిగున్న అంటె పీకుతనంటున్నవ్. నా మీద ఏం నేర్సుకుంటున్నవమ్మా?"

ఆయన తప్పు ఏమీ లేదు. ఆయన చోట ఉంటే నేను ఇంకా పెద్ద గొడవ చేసేదాన్ని. కానీ అప్పుడు నా నోట్లోంచి వచ్చింది వేరే. "అబద్ధాలు చెప్తే నేనేం చెయ్యలేను, గోళీలు ఏంజేసిన్రో ముందు అది చెప్పున్రి" అని అరిచాను. ఆయన కర్ర అందుకున్నాడు. గడప దాటితే మళ్లీ కనబడడని నాకు తెలుసు. రేపు రాత్రికి ఏ పొలం గట్టు మీదో ఊపిరాడక పోతాడనీ తెలుసు. ఆయన చెయ్యి పట్టుకుని ఆపే హక్కు నాకు లేదు.

సిస్టర్ నన్ను దాటుకుని ఆయన భార్య దగ్గరికి పోయింది. నేను ఎప్పటికీ మరచిపోలేని పని చేసింది ఆమె. సిస్టర్ వాళ్లది కూడా గొర్రెలు మేపుకునే ఇల్లేనని అప్పటిదాకా నాకు తెలియదు.

"అక్కా, గొర్రెకు రోగమొస్తె ఏడ చూస్తవ్?"

"దౌడ కింద చూస్త."

"గట్లనే నీ పెనిమిటికి చెయ్యి పెట్టి చూడు."

ఆమె కొంచెం సిగ్గుపడింది. తర్వాత ఆయన గడ్డం కింద రెండు చేతులూ పెట్టి, అలవాటైన పనిలాగే, వేళ్లతో నొక్కుతూ ఒక పక్క నుంచి ఇంకో పక్కకు పోయింది. సగం దూరం పోయాక వేళ్లు ఆగిపోయాయి. ముఖం మారిపోయింది.

"రాయోలె ఉన్నది" అన్నది. తర్వాత నా వైపు తిరిగి, ఒక్క గుక్కలో చెప్పేసింది. "అమ్మా, నీ గోళీలు ఈయన మింగలే. గొర్రెకు నోటి పుండ్లయితే పొడి గొట్టి అద్దినం. ఈయనకు గొర్ల సూది ఏసిన. వాపు తగ్గే సూది. మొన్న పొద్దుమీకి ఒకటి, నిన్న ఒకటి. నేనే ఏసిన, రెట్టకు."

ఆయన "చెప్పద్దన్న గదనే" అని గొణిగాడు.

"గోళీలు పైసల్లేకుండ ఊకె ఇస్తరు గదమ్మా, గవి ఏం పనిజేస్తయ్ అనుకున్నం. సూదికైతె గొర్లు రెండు దినాలల్ల లేస్తయ్" అన్నది ఆమె. గొర్రె పుండ్లు మాత్రం తగ్గాయట. అందుకే ఇంకిన్ని గోళీల కోసం వచ్చారు.

ఆ సూది ఏమిటో పేరు చెప్పించి చూస్తే, నేను భయపడిందే. స్టెరాయిడ్. వాపును, నొప్పినీ అణిచేస్తుంది. లోపల చీమును మాత్రం ఎవరి అడ్డూ లేకుండా పాకనిస్తుంది, షుగర్‌ను పైకి ఎగదోస్తుంది. అప్పుడు సిస్టర్ ఆయన వేలికి సూది గుచ్చింది. మిషన్ మీద అంకె చూసి నాకు చూపించకుండానే పెద్ద డాక్టరు గదికి పరుగెత్తింది. ఆయనకు షుగర్ ఉందని ఆయనకే తెలియదు.

గొర్రెల మందు సీసా మూత పంటితో తీశానని సోమవారమే చెప్పాడు ఆయన. గొర్రెల మందులు చేతిలో ఉన్న మనిషి, ఐదు రోజులు ఆగమంటే ఏం చేస్తాడు? అనుమానించడమే వృత్తిగా పెట్టుకున్న నేను అనుమానించాల్సిన ఒకే ఒక్క మాటను అలా వదిలేశాను. వదిలేసి, ఆయన చెప్పిన నిజాన్ని పట్టుకుని అబద్ధమన్నాను.

మా పెద్ద డాక్టరు మంచివాడే, జాగ్రత్త మనిషి. చూసి, వెంటనే హైదరాబాద్ పంపించేయమన్నాడు. మత్తు డాక్టరు ఆ రోజు సెలవు. "ఇక్కడ ఏదన్నా అయితే మీ మెడకు చుట్టుకుంటది మేడం" అన్నాడు నాతో. అంబులెన్స్ ఇంకో కేసు మీద పోయింది, రావడానికి గంట పైనే అన్నారు. వచ్చాక హైదరాబాద్ చేరడానికి ఇంకో రెండున్నర గంటలు. ఆయన మెడ నిమిషనిమిషానికీ బిగుస్తుంటే, ఆ నాలుగు గంటలు ఎవరి చేతుల్లో పెట్టాలి? పంపించి చేతులు దులుపుకోవడం నాకు బాగా తెలుసు. సోమవారం చేసింది అదే.

మా సర్జన్‌ను పిలిచాను. అతను చిన్నవాడు, కొత్తగా వచ్చినవాడు. నాకంటే ధైర్యవంతుడు. "అంబులెన్స్ వచ్చేదాకా మనం ఊకె కూర్చునుడు ఎందుకు మేడం, దారి తెరుద్దాం" అన్నాడు. సెలైన్ పెట్టారు, మందులు నరంలోకి ఎక్కించారు, షుగర్ తగ్గించే సూది ఇచ్చారు. ఆక్సిజన్ సిలిండర్ పక్కనే పెట్టుకున్నాం. ఆయన్ని పడుకోబెట్టలేదు, పడుకుంటే ఊపిరి ఆడదు. కూర్చోబెట్టే పని మొదలుపెట్టాం.

ఆయన నన్ను చూసి ఒక్క మాటే అడిగాడు. "నిజంగనే పీకాలెనా, కోపం మీద పీకుతున్నవా?"

"నిజంగనే" అన్నాను. నమ్మాడో లేదో తెలియదు. భార్య తల ఊపింది, అందుకని కదలకుండా కూర్చున్నాడు.

చీము ఉన్న చోట మత్తు సరిగా ఎక్కదు. ఆ రెండు వేళ్ల సందులోంచి పట్టకారు పెట్టాను. నేను భయపడినట్టే పన్ను పైముక్క విరిగి చేతికొచ్చింది. పంటి వేర్లు లోపలే ఉండిపోయాయి. వాటిని ఒక్కొక్కటిగా విడదీసి తీసేసరికి నా చీర వీపున తడిసిపోయింది. ఆయన అరవలేదు, కుర్చీ చేతులను పట్టుకున్న వేళ్లు మాత్రం తెల్లబడ్డాయి. రెండో వేరు వచ్చాక దాని వెంట చీము వచ్చింది. సర్జన్ గడ్డం కింద కోత పెట్టి ఇంకో వైపు దారి తీశాడు. ఆ గదిలో దుర్వాసనకు నేను ఎప్పుడూ అంత సంతోషపడలేదు. కాసేపటికి ఆయన ఉమ్మి మింగగలిగాడు. సిస్టర్ అది చూసి ఏడ్చేసింది.

అంబులెన్స్ వచ్చింది. ఉత్తరం రాసి, సోమవారం నాటి ఓపీ చీటీని దానికి పిన్ను కొట్టి భార్య చేతిలో పెట్టాను. మందను మరిది తోలుకుపోతాడని చెప్పి ఆమె బండెక్కింది. ఆ చీటీ మీద ఏం రాసి ఉందో నేను ఒక్కసారి కూడా తిరిగి చూడలేదు.

పన్నెండు రోజుల తర్వాత, మనిషి బతికాడు, ఇంటికి పంపిస్తున్నారు అని హైదరాబాద్ నుంచి కబురు వచ్చింది. ఎంత పొంగిపోయానో చెప్పలేను. మధ్యాహ్నం అన్నాలు తినేటప్పుడు ఈ కథను నేను ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. గోళీలు గొర్రెకు, గొర్రె సూది మనిషికి అనగానే అందరూ పడీపడీ నవ్వేవాళ్లు. సోమవారం సంగతి వచ్చేసరికి తొందరగా దాటేసేదాన్ని. సిస్టర్ ఆ చోట తల వంచుకుని అన్నం కలుపుకునేది. ఒక్కసారి కూడా నన్ను దెప్పలేదు. అదే నాకు బాగా గుచ్చుకునేది.

వానలు పడ్డాక ఒక పొద్దున, ఓపీ మొదలవకముందే, ఆయన ఒక్కడే వచ్చాడు. చిక్కిపోయాడు. గడ్డం కింద కోత గీత కనబడుతోంది. దండం పెట్టలేదు. నేను కూర్చోమన్నాను. కూర్చోకుండా గొంగడి మడతలోంచి ప్లాస్టిక్ కవరు తీశాడు. అందులో నా చీటీ.

"అమ్మా, గిదాని మీద నేను తాగొచ్చిన్నని రాసినవట."

చీటీ అందుకున్నాను, నా పెద్ద అక్షరాలే.

"హైద్రాబాద్‌ల నా చేతులు మంచానికి కట్టిన్రు. జొరానికి సోయి లేక ఏదేదో ఒర్రుతుంటె, తాగుడు ఆగిపోయి గట్ల జేస్తున్నడు అనుకున్నరట. నా పెండ్లాం మొత్తుకున్నది, ఇనలే. చీటీల ఉన్నది గదా అన్నరట. గది పోనీ. నా బిడ్డ నల్గొండల డిగ్రీ చదువుతది. హాస్టల్ల ఉంటది. దవాఖానకొచ్చి ఈ చీటీ చదివింది. ఎనిమిదేండ్ల కింద దాని తల మీద చెయ్యి పెట్టి తాగుడు ఇడిసిన నేను. మళ్ల ముట్టలే. మూడు నెలలైతాంది, నాతోని మాట్లాడతలేదు."

"మీ భార్య చెప్పలేదా?"

"చెప్పింది. నేను తాగే దినాలల్ల గూడ ఆమె గట్లనే దాపెట్టేది. బిడ్డ ఎందుకు నమ్ముతది?"

సోమవారం నాడు నేను అనుకున్నదే ఆ పిల్ల కూడా అనుకుంది. నేను అనుకుని వరండాలోని నలభై మందిలో పడి మరచిపోయాను. ఆమె మూడు నెలలుగా మోస్తోంది. నాకు ఆ క్షణంలో కలిగినంత సిగ్గు మళ్లీ ఎన్నడూ కలగలేదు.

"గా మాట కొట్టెయ్యి" అన్నాడు.

కొట్టేశాను. పక్కనే, ఈ మాట పొరపాటున రాసింది, నొప్పికి పంటి మీద పెట్టుకున్న సారా వాసన అది, రోగి తాగలేదు అని తెలుగులోనే రాసి, సంతకం చేసి, దవాఖాన ముద్ర వేశాను. ఆయన చీటీ తీసుకుని, అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు. చదవడం రాదు. నా వైపు అదే పాత చూపు చూశాడు.

"కొట్టేసింది గా మాటేనా? ఇంకోటి కొట్టేసినవేమో నాకేం ఎర్క?"

నాకు ఈసారి కోపం రాలేదు. "మీ బిడ్డకు ఫోన్ చెయ్యి, చదివి వినిపిస్త" అన్నాను.

"నేను చేస్తె ఎత్తదు."

నా ఫోన్ నుంచి చేశాను. ఎవరని అడిగింది, చెప్పాను. చీటీ మీద ముందు ఏం రాశానో, ఇప్పుడు ఏం రాశానో అక్షరం వదలకుండా చదివాను. తప్పు నాదే, మీ నాయిన తాగలేదు అని చెప్పాను.

"మరి అప్పుడు గట్లెట్ల రాసిన్రు మేడం?" అని అడిగింది. గొంతు చిన్నది, ప్రశ్న గట్టిది.

చెప్పడానికి నా దగ్గర చాలా కారణాలు ఉన్నాయి. పాలమూరు పెద్దాయన, ఆగని రక్తం, వరండాలో నలభై మంది. అవన్నీ పక్కన పెట్టాను.

"అడగకుండ రాసిన బిడ్డా. మీ అమ్మ చెప్తె ఇనలేదు" అన్నాను.

ఇక ఫోన్ పెట్టేస్తుందనుకున్నాను.

"నాయినకు ఇయ్యున్రి" అంది.

ఫోన్ ఆయన చేతికిచ్చాను. ఆయన దాన్ని చెవికి పెట్టుకుని, నాకు వీపు తిప్పి, కిటికీ వైపు పోయి నిలబడ్డాడు. అటు నుంచి ఆమె ఏం అడిగిందో నాకు వినబడలేదు. ఆయన మాట మాత్రం వినబడింది.

"ఆ, తిన్న బిడ్డా. నువ్వు తిన్నవా?"